పీరా సాబ్ మొదటి గుక్క

తుంగభద్రకు దూరంగా ఉన్న ఆ ఊళ్లో బావులన్నీ ఉప్పువే. ఆ నీళ్లను తీపి చేసే యంత్రాన్ని నడిపేది పీరా సాబ్. ఖాకీ చొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకుని, రోజూ మొదటి గుక్క తనే పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఆ తర్వాతే కొళాయి కింద బిందె పెట్టనిచ్చేవాడు. ఒకప్పుడు ఆదోనిలో కలరా వస్తే బావుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లిన మనిషి. దానికి లొంగని మురికి లేదని అతని నమ్మకం. ఉరుసుకు చుట్టాలొస్తారని ఈసారి యంత్రం తొట్టిలోనూ డబ్బాడు కలిపాడు. లోపల ఉప్పును ఆపే పల్చటి పొరలను ఆ మందు తినేసింది. ఉరుసు ముందురోజు నీళ్లు నోటికి ఉప్పగా తగిలి యంత్రం విప్పి చూస్తే, ఆ పొరలు ఉల్లిపొట్టులా చిట్లిపోయి ఉన్నాయి.

"ఏమన్నా, ఈ పొద్దు తల ఊపకపోతివి?" అంది వరసలో ముందున్న దానమ్మ.

"ఉప్పగుండాయి దానమ్మా. మిషన్ మంచిదే. బ్లీచింగ్ పోసి నేనే చెడగొట్టినాను. కొత్త పొరలొచ్చేదాకా ఏటి నీళ్లు నేనే తెస్తా," అన్నాడు, రోజూ మాట్లాడే గొంతుతోనే.

ఉరుసు పొద్దున అతని పీపా బండి వచ్చి ఆగింది. బిందెలు ముందుకు జరిగాయి. పీరా సాబ్ చెయ్యి అడ్డం పెట్టి, మొదటి గుక్క పుక్కిట పట్టి, కళ్లు మూసుకున్నాడు. అతను తల ఊపేదాకా ఎవరూ కదల్లేదు.