అరుగు మీద మేనేజరు

మొన్న మా కోడలు కొత్త ఫోను మీది ప్లాస్టిక్ పొరను గోటితో లేపి సర్రున లాగింది. ఆ చప్పుడుకి నా మనసు సదర్ బజార్‌కి పోయింది, లావణ్య గుర్తొచ్చింది. పాత బట్టల కొట్టు మేడలోకి ఫోన్ల షోరూము దిగినప్పుడు దాన్ని బిలాస్‌పూర్‌లో నిలబెట్టింది నేనే. సరే, నిలబెట్టింది మేనేజరు లావణ్య. నేను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చునేవాణ్ణి. రైల్వే షెడ్డులో రిటైరయ్యాక తోచక తిరుగుతున్న నన్ను, వయసు మళ్ళిన కస్టమర్లని పలకరించడానికి ఆమే పెట్టుకుంది. మా కూతురి కంటే చిన్నపిల్ల నాకు పై అధికారి. వాళ్ళదీ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడ్డ కుటుంబం. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. మాట మధ్యలో హిందీలోకి దూకేస్తుంది.

ఆ మేడకి చెక్కిన కొయ్య బాల్కనీ, ముందు వీధి పొడవునా నల్లరాతి అరుగు ఉండేవి. ఒకప్పుడు ఊళ్ళో పెళ్ళిళ్ళ బట్టలన్నీ ఆ అరుగు మీదే బేరమయ్యేవి. అన్నీ కాదులెండి, మా పెళ్ళి బట్టలు మాత్రం అక్కడే కొన్నాం. కంపెనీ వాళ్ళకి బాల్కనీ నచ్చింది, ఫోటోల్లో అందంగా ఉంటుందని. అరుగు నచ్చలేదు. దాన్ని కొట్టించి, షోరూము అద్దాన్ని వీధి అంచు దాకా జరుపుతామన్నారు. లావణ్య వద్దంది. "గాఁవ్ వాళ్ళు, పల్లెల నుంచి వచ్చేవాళ్ళు, ఈ మెరిసే టైల్సు చూసి భయపడుతున్నారు అంకుల్. లోపలికి రమ్మంటే వెనక్కి పోతారు. అరుగుంటే కాసేపు కూర్చుంటారు, ఫిర్ ధైర్యం వస్తుంది" అనేది. "కంపెనీతో పేచీ ఏటమ్మా, ఉద్యోగం పోతాది" అన్నాన్నేను. "పోతే మా డాడీ సంతోషిస్తారు. రైల్వే కానిది ఆయన లెక్కలో ఉద్యోగమే కాదు" అని నవ్వింది. నవ్విందే గాని, అరుగు సంగతి తేల్చడానికి రాయ్‌పూర్ నుంచి పై అధికారి వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచీ గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది.

ఆయన వచ్చే రోజునే మంగ్లా వైపు పల్లె నుంచి ఒక ముసలావిడ ఫోను చీరకొంగులో మూటకట్టుకుని వచ్చింది. నేను హిందీ దంచి కొడతాను, రేడియోలో వార్తలు చదవమన్నా చదివేస్తాను. కాని ఎదుటివాళ్ళు నోరు తెరిచేసరికి మాత్రం నా నోటంట తెలుగే వస్తుంది. ఆవిడ ఏదో మొదలుపెట్టింది. "చెప్పు, చెప్పు" అన్నాను. ఆవిడ టక్కున ఆగిపోయి, వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఏమీ అడగలేదు, వెళ్ళిపోనూ లేదు. అలిసిపోయిందేమో అనుకుని నేను స్టూలు మీదే ఉండిపోయాను. చివరికి లావణ్య బయటికొచ్చి పక్కన కూర్చుని, "ఏమైంది దాయీ?" అని అడిగింది. దాయీ అంటే అక్కడి మాటలో అమ్మ. ఆవిడ గడ్డంతో నన్ను చూపించి, "ఆ బాబు చుప్ చుప్ అన్నాడుగా, నోరు మూసుకుని కూర్చున్నా" అంది.

లావణ్య పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుండగానే అధికారి కారు వచ్చి ఆగింది. ఆయన్ని నేనే ఎదురెళ్ళి కడిగేశానని మా క్వార్టర్ల వాళ్ళకి చెప్పుకున్నాను. అంతా కోత. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తలుపు వెనక నక్కాను. "మేనేజరు వీధిలో కూర్చోవడం ఏమిటి? కస్టమర్ని లోపల కూర్చోబెట్టాలని తెలీదా?" అన్నాడాయన. లావణ్య లేవబోయింది. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత అధికారి వైపు తిరిగి పెదవి మీద వేలు పెట్టింది. "చుప్, బాబూ. ఇక్కడి కాయదా అదే. ముందు చుప్‌గా కూర్చోవాలి, అప్పుడు ఈ బిటియా వచ్చి అడుగుతుంది."

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు ఆవిడ కొంగు మూట, మనసులో మాట రెండూ నెమ్మదిగా విప్పింది. కోర్బాలో ఉన్న కూతురు ఫోను చేస్తానని చెప్పి చేయడం మానేసింది, తన మీద కోపమొచ్చిందేమోనని అన్నం సయించడం లేదు, పక్కింటి వాళ్ళని అడగడానికి సిగ్గేసింది. లావణ్య ఫోను తీసి చూసి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఫోను అంచున, మోత ఆపే చిన్న మీట జరిపాడు. "దీన్నీ ఎవరో చుప్ అన్నట్టున్నారు దాయీ. మీ అమ్మాయి చేస్తూనే ఉంది, ఇవిగో, ఇన్ని కాల్స్" అన్నాడు. ఆవిడ అక్కడే కూతురికి ఫోను కలిపించుకుని, అందరూ వింటుండగా ఏడుస్తూ తిట్టింది.

అరుగు మొత్తం దక్కలేదు. చక్రాల కుర్చీలు ఎక్కే వాలు కోసం సగం కొట్టారు, దానికి లావణ్యే ఒప్పుకుంది. మిగతా సగం ఉంచమని అధికారి రాసి పంపాడు. అధికారి వచ్చిన రోజు సాయంత్రం లావణ్య నన్ను పిలిస్తే చీవాట్లు తప్పవనుకున్నాను. "అంకుల్, ఇంక చెప్పు అనకండి. హిందీలో బోలియే అని కూడా వద్దు. పక్కన కూర్చోండి, బస్, అంతే" అంది. "ఎంతసేపు?" అన్నాను. "మీకు మాట్లాడాలనిపించడం పోయేదాకా" అంది.

జన్మలో ఎవరూ నన్ను అంత కష్టమైన డ్యూటీలో వెయ్యలేదు. లావణ్య బదిలీ మీద వెళ్ళిపోయింది, నేనూ మానేశాను, డ్యూటీ మాత్రం దిగలేదు. ఈమధ్య ఒక మధ్యాహ్నం మా ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తుంటే ఊరికే పక్కన కూర్చున్నాను. "ఏటి, ఒంట్లో బాగోలేదా?" అంది. తల అడ్డంగా ఊపాను. చేటలో సగం చిక్కుళ్ళయ్యాక, మా పెళ్ళయిన కొత్తలో నాతో చెబుదామనుకుని నా వాగుడులో చోటు దొరక్క మానేసిన ఒక సంగతి మొదలుపెట్టింది. ఇంకొకటైతే దానికి నాలుగు కొమ్ములు తగిలించి మీ ముందు పెట్టేవాణ్ణే. ఇది మాత్రం ఆవిడది.