ఏడో ముఖం

ఒక మనిషి ముఖాన్ని నేను చెరిపేశాను. ఇన్నేళ్ళుగా ఆ బరువు మోస్తున్నాను, మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో ఒక ఫొటో షాపులో పనిచేసేవాణ్ణి. అంతకుముందు తెనాలిలో స్టూడియోలో టచింగ్ పని. పోయినవాళ్ళ ఫొటోల్లో మూసుకున్న కళ్ళు తెరిపించి, పటం కట్టుకోవడానికి ఇచ్చేవాణ్ణి. ఆ పనితనం చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒకరోజు వాల్టర్ అనే పెద్దాయన పాత ఫొటో తెచ్చాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన కెనడా బాంబర్ దళంలో గన్నర్. విమానం రెక్క కింద ఏడుగురు కుర్రాళ్ళు, ఈయనతో కలిపి. ఆ తర్వాత ఒకసారి ఈయన జ్వరంతో ఆసుపత్రిలో ఉండిపోతే, ఈయన బదులు ఇంకొకణ్ణి ఎక్కించుకుని మిగతా ఆరుగురూ వెళ్ళారు. ఎవరూ తిరిగి రాలేదు.

వాళ్ళని తలుచుకోవడానికి చర్చి హాల్లో సభ పెడుతున్నారట. పెద్ద ప్రింట్ కావాలి. నెగెటివ్ లేదు, ఉన్నది ఈ ఒక్క కాగితమే. చివర నిలబడ్డ టామీ బుగ్గ మీద ఏదో మరక.

"మరకుంటే ఉండనీ. దానిమీద చెయ్యి పెట్టకు. ఉన్నదున్నట్టు కాపీ తియ్యి చాలు," అన్నాడు వాల్టర్. "టామీ అక్క వస్తోంది. యూనిఫాంలో తమ్ముణ్ణి ఆవిడ ఎప్పుడూ చూడలేదు."

ముందు కాపీ, తర్వాతే చెయ్యి. తెనాలిలో మా గురువుగారు మొదటిరోజే చెప్పిన పాఠం. తీయలేదు. ఎందుకు తీయలేదు? మరక మాయం చేసి చూపిస్తే ఆయన మెచ్చుకుంటాడని. అంతే, ఇంకే కారణమూ లేదు. దూది కాస్త తడిపి మెల్లగా అద్దాను. ఆ కాగితం ఏనాడో నాని పాడైనట్టుంది. మరకతో పాటు ముఖం కూడా దూదికి వచ్చేసింది. టోపీ కింద తెల్లకాగితం మిగిలింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. నా గ్రీన్‌కార్డ్ కాగితాలు షాపు ఓనర్ సంతకం మీదే ఆధారపడి ఉన్నాయి. చెప్పెయ్యాలి అనుకున్నాను, నోరు రాలేదు. తలుపు వేసుకుని బ్రష్ తీశాను. టామీ ముఖం నేను సరిగ్గా చూసిందెప్పుడు? నా కళ్ళన్నీ మరక మీదే. పక్కవాడి కళ్ళు పెట్టాను. పైలట్ గడ్డం పెట్టాను. నవ్వు కుదరక, కుర్ర వాల్టర్ నవ్వు తెచ్చి అతికించాను. దాన్నే కాపీ తీసి పెద్ద ప్రింట్ వేశాను. ప్రింట్‌కి అద్దం పటం కట్టాను. అసలుదాన్నీ వేరే అద్దం వెనక బిగించి, ఎవరూ విప్పకుండా టేప్ వేశాను.

సభకి నన్నూ పిలిచారు. రానంటే అనుమానిస్తారేమోనని వెళ్ళాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే స్థితి నాది. ఎవరైనా ఆ పెద్ద ఫొటో దగ్గరికి వెళ్తే నేనూ వెనకే వెళ్ళేవాణ్ణి. టామీ అక్క వచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. అక్కకి తెలీకుండా ఉంటుందా? ఇక అయిపోయింది అనుకున్నాను.

"వాడి నవ్వు ఇలా ఉండేదని మర్చేపోయాను," అంది. వంగి ఆ అద్దాన్ని ముద్దుపెట్టుకుంది.

పక్కనే ఉన్న వాల్టర్ నవ్వలేదు. ఫొటోకేసి చాలాసేపు చూశాడు, తర్వాత నాకేసి. ఆయనకి తెలిసిందా? రెండేళ్ళకి ఆయన పోయాడు. తర్వాత ఆవిడా పోయిందని విన్నాను. ఇక పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అయినా భయం పోలేదు.

ఆ దూది పారెయ్యలేకపోయాను. ఒక ఫిల్మ్ డబ్బాలో ఉంది. మూత తీస్తే కాస్త బూడిదరంగు మసి, అంతే. ఆ అబ్బాయి అసలు ముఖం ఈ లోకంలో మిగిలింది అంతే. చూసినవాళ్ళలో ఆఖరివాణ్ణి నేను, నాకూ గుర్తులేదు.

ఇదిగో, చెప్పేశాను.