దయామణి గారి వంకాయ రంగు బండి

మొన్న ఆదివారం విశాఖపట్నం బీచి రోడ్డు మీద పాత కార్ల ప్రదర్శన పెట్టారు. మనవరాలు చూద్దామంటే వెళ్లాను. ఎండ, జనం, కాలుతున్న మొక్కజొన్న పొత్తుల వాసన. ఇంతలో వెనక వరసలో ఎవరో ఒక ఇంజను స్టార్టు చేశారు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎనిమిది సిలిండర్ల అమెరికా ఇంజను, బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు చేసే చప్పుడు అది. చిన్న కార్లలా గొణగదు, లారీలా అరవదు. కడుపులోంచి వస్తుంది, వినేవాళ్ల కడుపులోకే పోతుంది. ఒకప్పుడు ఒరిస్సా కొండల్లోని కోరాపుట్‌లో ప్రతి శనివారం నేను విన్న చప్పుడు. జనాన్ని తోసుకుంటూ వెనక వరస దాకా వెళ్లాను.

రెండే తలుపులు, పొడవాటి ముక్కు, వెనక్కి జారిన పైకప్పు, ఎడమ పక్కన స్టీరింగు. ఎర్రటి రంగులో నిగనిగలాడుతోంది. డ్యాష్‌బోర్డుకి ఇంజను వేడి చూపించే మీటరు బిగించడానికి మా బైరాగి మేస్త్రి వంకరగా తొలిచిన కన్నం ఒకటుండేది. దాన్ని పూడ్చేశారు గానీ మచ్చ పోలేదు. సందేహం లేదు, అదే బండి. పక్కన బోర్డు మీద రాశారు: ఇది ఒక జమీందారీ కుటుంబపు కారట, తరవాత ఎవరో అనామకుల చేతుల్లో పడి పాడైపోయిందట, ఎంతో శ్రమపడి అసలు రూపానికి తెచ్చారట. "జమీందార్లది కాదు బాబూ, మా హెడ్‌మిస్ట్రెస్ గారిది" అన్నాను అక్కడ నిలబడ్డ అతనితో. అతను నవ్వాడు. "టీచర్లు ఇలాంటి బండ్లు ఎక్కడ కొంటారమ్మా!" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగినా ఆ మంట చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అనామకులట! ఆవిడ పేరు దయామణి. డెబ్బైలలో కోరాపుట్‌లో ఒక మిషను బడికి హెడ్‌మిస్ట్రెస్. వాళ్ల నాన్న సాలూరు నుంచి సుంకి ఘాటు రోడ్డు మీదుగా లారీ తోలేవాడు. తల్లి లేని పిల్లని ఎవరికీ అప్పగించలేక పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిరిగాడు. అక్షరాలకన్నా ముందు గేర్లు వచ్చాయి ఆవిడకి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన పెద్దమనుషులతో "ఏటి, మీకూ నేనే ఒండి పెట్టాలా?" అనేవారు. నేను విజయనగరం నుంచి ఆ బడికి కొత్త టీచరుగా వెళ్లేసరికి నాకు ఇరవై దాటి ఎంతో కాలేదు. నలుగురిలో నోరు విప్పితే తప్పేమో అనుకునే రకాన్ని.

ఆ బండిని, ఆ కొండల్లో ఆనకట్ట పనికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు ఓడలో తెప్పించుకున్నాడు. వానాకాలంలో ఒక వాగులో దింపి, ఇంజను నిండా నీళ్లు ఎక్కించి, విసుగొచ్చి వదిలేసి వాళ్ల దేశం వెళ్లిపోయాడు. అది సెమిలిగుడలో లారీల మెకానిక్కు బైరాగి షెడ్డు వెనక పడి ఉండేది, లోపల కోళ్లు గుడ్లు పెట్టుకునేవి. దయామణి గారు దాన్ని తుక్కు కింద కొన్నారు. బైరాగి ఒకప్పుడు ఆవిడ నాన్న లారీకి పనిచేసినవాడే. సెలవులన్నీ ఇద్దరూ దాని కిందే గడిపారు. వెనక పక్క లారీ కమాను పట్టీలు వేసి ఎత్తు పెంచారు. రాళ్ల రోడ్డుకి తట్టుకునేలా ఇంజను కింద ఇనప రేకు కొట్టారు. కుళ్లిపోయిన సైలెన్సరు తీసేసి లారీ గొట్టం బిగించారు, దాంతో గొంతు ఇంకా లోతుకి దిగింది. మలుపుల కోసం లారీ హారను పెట్టారు. చివరికి రంగు దగ్గర బైరాగి అడ్డం పడ్డాడు.

"అన్ని రంగులుండగా వంకాయ రంగేటమ్మా?" అన్నాడు.

"నాకు గుత్తొంకాయంటే ఇష్టం గనక" అన్నారావిడ.

ముక్కు మీద కంపెనీ పేరు ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి ఊరంతా దాన్ని 'అమెరికా' అనే పిలిచేవారు. నాలుగు రోడ్ల దగ్గర కొండవాళ్లు మోస్తున్న కావళ్లు దించి మరీ చూసేవాళ్లు. ఇప్పుడు ఆ బోర్డు రాసినవాళ్లు 'పాడైపోయింది' అన్నది ఈ పనులన్నిటినే. ఆ కొండల్లో నడిచే బండిగా దాన్ని బతికించిన ప్రతి మార్పునీ పీకేసి, దానికి అసలు రూపమని పేరు పెట్టుకున్నారు.

నేను చేరిన కొత్తలో ఒక శనివారం మధ్యాహ్నం, "అమ్మీ, బండెక్కు, సుంకి దాకా ఎల్లొద్దాం" అన్నారు. నన్నెందుకు రమ్మన్నారో తరవాత తెలిసింది. స్టీరింగు ఎడమ పక్క కదా, మన రోడ్డు మీద ముందున్న లారీని దాటాలంటే తోలేవాళ్లకి ఎదర ఏముందో కనబడదు. కుడి పక్క కూర్చున్నవాళ్లే చూసి చెప్పాలి. తిరుగుదారిలో ఘాటు ఎక్కుతుంటే ఒక లారీ అడ్డం పడింది.

"ముందేటుందో సెప్పు" అన్నారు.

"ఖాళీగానే ఉందనుకుంటానండి" అన్నాను.

"అనుకోడం కాదమ్మీ. సూసేవా, నేదా? కనబడింది కనబడినట్టు సెప్పు. ఇక్కడ నువ్వు మొగమాటపడితే ఇద్దరం లోయలో ఉంటాం."

తల బయటికి పెట్టి చూశాను. "ఖాళీ. వెళ్లొచ్చు."

అంతే. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. లారీ మా పక్కనుంచి వెనక్కి నడిచి పోయినట్టే ఉంది. బస్సులు ముక్కుతూ మూలుగుతూ ఎక్కే ఎత్తు ఒకటుందని ఆ బండి గుర్తించనేలేదు. కాలు కాస్త ఆనించగానే ఇంకా బలం ఉంది, ఇంకా ఉంది అన్నట్టు లేచేది. భయమేసింది, వెంటనే గట్టిగా నవ్వొచ్చింది. పక్కకి చూస్తే ఆవిడా నవ్వుతున్నారు. బడిలో ఆ నవ్వు ఎవరూ చూసి ఉండరు. "బలం ఉన్నది తొందరపడదమ్మీ. కావలసినపుడే తీసి సూపిస్తాది" అన్నారు. అప్పట్నుంచి శనివారం కుడి సీటు నాది.

అందరికీ కడుపుమంట ఆ సరదా మీదే. పెట్రోలు ధర మండిపోతున్న రోజులు. ఆవిడ రెండు పూటలా పప్పుచారుతో సరిపెట్టుకుని, వచ్చే జీతంలోంచి ఆ బండికి తాగించేవారు. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. అయినా ఊరందరికీ సంజాయిషీ కావాలి. ఆవిడని వెనకేసుకొచ్చే మంచివాళ్లు ఇంకో రకం. నందపూర్ సంతలో నొప్పులు మొదలైన ఒకామెని ఆవిడ ఆ బండిలో ఆస్పత్రికి చేర్చిన మాట నిజం. ఇక వాళ్లు అదే పాట పట్టుకున్నారు: ఆ బండి ఉన్నదే సేవ కోసమని. నేనూ ఒకసారి ఎవరితోనో అలాగే అంటుంటే ఆవిడ విని పిలిచారు. "మంచి పనికని సెప్పకు. నాకు ఇష్టవని సెప్పు. అది సాలదా?" అన్నారు. ఎందుకు చాలదు? వేటకి తుపాకులు కొన్నవాళ్లు ఉన్నారు, ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి పేకాట ఆడినవాళ్లు ఉన్నారు. మగవాడికి సరదా ఉంటే ముచ్చట, ఆడదానికి ఉంటే నేరం. నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

మా బడిని నడిపే చర్చి సంఘానికి సెక్రటరీ ప్రకాశరావు గారు. మెత్తగా మాట్లాడే మనిషి, మెత్తగా మాట్లాడి కావలసింది పట్టుకుపోయే మనిషి. మొదట ఆ చప్పుడు దైవభక్తి గల స్త్రీకి తగదన్నారు. కొన్నాళ్లకి మాట మారింది: పాస్టరు గారు పల్లెలు తిరగడానికి సంఘానికి వాహనం కావాలి. తోలేదెవరంటే, ప్రకాశరావు గారి అబ్బాయి ఎలాగూ ఖాళీగా ఉన్నాడు. అంటే చప్పుడు చేసినా ఆ అబ్బాయి చేస్తే తగుతుందన్నమాట.

మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. మొహం మీద అడగలేనిదాన్ని ప్రార్థనలో అడిగేవాళ్లు. ఫలానా సహోదరి ఫలానాది ఇస్తున్నందుకు స్తోత్రమని పెద్దలు ఒకసారి ప్రార్థించి, అందరూ ఆమెన్ అనేశాక అది ఇచ్చేసినట్టే లెక్క. కాదంటే దేవుడి చేతిలోది లాక్కున్నట్టు. అలా బియ్యం బస్తాలు పోయాయి, ఒకావిడ కుట్టు మిషను పోయింది, ఇంకొకావిడ పాడిగేదె కూడా పోయింది. ఒక్కరూ నోరెత్తలేదు.

ఆ ఏడు కోతపండగ ఆదివారం మందిరం నిండా జనం. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు బల్ల ముందు పెట్టారు. ప్రకాశరావు గారు ప్రార్థనకి లేచారు. వర్షాలకి స్తోత్రం చెప్పారు, పంటలకి చెప్పారు. ఆ తరవాత గొంతు ఇంకా మెత్తన చేసి, "మా సహోదరి దయామణి గారు తన వాహనమును సంతోషముతో నీ సేవకు సమర్పించుచున్నందుకై స్తోత్రములు ప్రభువా" అన్నారు. మందిరమంతా ఆమెన్ అంది.

"నేను ఇయ్యలేదు" అన్నారు దయామణి గారు.

ప్రార్థనకి అలా ఎదురు చెప్పడం అక్కడ అంతకుముందు ఎవరూ వినలేదు. ప్రకాశరావు గారు మాత్రం తొణకలేదు. "అదేటండి సిస్టరు గారూ, ప్రార్థన సేస్తుండగా తల ఊపేరు కదా. నా కళ్లారా సూసేను. దేవుడి ముందు ఊపి, ఇప్పుడు మనుషుల ముందు కాదంటారా?" అన్నారు.

జనం గుసగుసలాడారు. ఊపలేదని చెప్పగలిగేవాళ్లు ఎవరున్నారు? ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు. ఆవిడ మాట ఒక్కటే, సెక్రటరీ గారి మాట ఒక్కటే. ఆవిడ నా వైపు తిరగలేదు, సాక్ష్యం చెప్పమనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. బండి చేయి దాటిపోతోందని నాకు అర్థమైంది. లేచి నిలబడ్డాను.

"ఊపలేదండి. నేను సూసేను."

"ప్రార్థనలో కళ్లు తెరిసేవా అమ్మీ?" అన్నారాయన, పాపం చేసిన పిల్లని చూసినట్టు.

"తెరిసేనండి. మీరూ తెరిసేరు కదండీ. నేకపోతే తల ఊపేరని మీకెలా తెలిసింది?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో దగ్గినట్టు నటించారు. పాస్టరు గారు గబగబా పాట అందుకున్నారు. బండి దయామణి గారికే ఉండిపోయింది.

కానీ ఊరుకుంటారా? వేసవి సెలవులయ్యేసరికి ఆవిడని హెడ్‌మిస్ట్రెస్ పదవిలోంచి తీసి, రామనగుడ దగ్గర ఒక చిన్న బడికి మామూలు టీచరుగా పంపేశారు. దానికి పెట్టిన పేరు సేవావకాశం. ఆవిడ ట్రంకు పెట్టె, వంటగిన్నెలు, పరుపుచుట్ట అన్నీ 'అమెరికా' వెనక సీటులో కుక్కి బయల్దేరారు. రాయగడ దాకా నేను వెంట వెళ్లాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

"ఇది అన్యాయం అండి" అన్నాను.

"అన్యాయమే. నేదన్నానా? ముక్కు తుడుసుకుని ఎదర రోడ్డు సూడు, ఎడ్లబండొస్తంది" అన్నారు. రాయగడ బస్టాండు దగ్గర నన్ను దించి, "పదవి వాళ్లిచ్చేరు, వాళ్లే తీసుకున్నారు. ఇది నేను కొనుక్కున్నాను. ఎవడు తీసుకుంటాడు?" అని రామనగుడ వైపు వెళ్లే గుణుపూర్ రోడ్డు పట్టారు. బస్టాండులో ఉన్న జనమంతా ఆ చప్పుడు వినబడినంతసేపూ అటే చూశారు.

ఎనభైలలో కంట్లో పొర వచ్చేదాకా ఆవిడే తోలారు. తరవాత తనకి నచ్చినవాడికి, తను చెప్పిన ధరకి అమ్మారు. మూడేళ్లకి పోయారు. సమాధి దగ్గర కొత్త పాస్టరు గారు ప్రార్థన చేస్తూ, ఈ లోకపు ఆశ ఏదీ లేక నిరాడంబరంగా జీవించిన నీ దాసురాలి కోసం స్తోత్రమన్నారు. చచ్చిపోయాక కూడా వదల్లేదు. ఇష్టపడి, కష్టపడి, పోట్లాడి నిలబెట్టుకున్న ఒక్క ఆశనీ మట్టి వెయ్యకముందే పూడ్చేశారు. చుట్టూ అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం, "ఆవిడకి కారంటే ప్రాణం" అన్నాను, అందరికీ వినబడేలాగే.

ఇప్పుడు నన్ను మా సంఘంలో పొగరుబోతు ముసలమ్మ అంటారు. అననివ్వండి. ఎవరు ప్రార్థన చేసినా చివరిదాకా వింటాను. విన్నది నిజమైతేనే ఆమెన్ అంటాను. చాలాసార్లు అనను.