జోజప్ప చెప్పిన మాట

నిన్న కోదాడలో వడ్రంగి దుకాణం ముందు అప్పుడే కోసిన టేకు పొట్టు వాసన వచ్చింది. ఏసును పెంచిన వడ్రంగి, పునీత జోజప్ప గుర్తొచ్చారు.

నా తొమ్మిదో ఏట మఠంపల్లి చర్చిలో సిస్టర్ పిల్లలందరికీ ఒక పని చెప్పారు. ఇష్టమైన పునీతుడి పేరు చెప్పి, ఆయన మాట ఒకటి అప్పజెప్పాలి. చాలామంది అంతోనివారిని ఎంచుకున్నారు. నేను జోజప్పను ఎంచుకున్నాను. నాయనమ్మకు ఆయనంటే ప్రాణం.

“ఆయనే ఎందుకు నాయనమ్మా?”

“ఏం జెప్పినా కడుపుల దాసుకుంటడు బిడ్డా. మీ తాతకు జెప్తే ఊరంత తెలుస్తది.”

వారం రోజులు బైబిలు తిరగేసినా జోజప్ప మాట ఒక్కటీ దొరకలేదు. మా బైబిల్లో ఆ పేజీ చిరిగిపోయిందనుకున్నాను. ఎవరినైనా అడగాలంటే సిగ్గు.

ఆదివారం మైకు ముందు నిలబడి, “నాకు జోజప్ప ఇష్టం. ఆయన చెప్పిన మాట...” అని ఆగిపోయాను. పిల్లలు నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో ఆడవాళ్ల వరసలోంచి నాయనమ్మ గట్టిగా అంది: “నవ్వుతరేందిరా? కరెక్టే చెప్పింది. ఆయన గంతే చెప్పిండు!”

నా కోసం నాయనమ్మ చర్చిలో అబద్ధమాడిందని భయం పట్టుకుంది. ఆమెను క్షమించమని జోజప్పను చాలా రోజులు వేడుకున్నాను.

డిగ్రీలో ఉండగా నాలుగు సువార్తలూ వరసగా చదివాను. జోజప్ప నోట ఒక్క మాటా లేదు. అక్షరం ముక్క రాని నాయనమ్మను, ఆ సంగతి ఎవరు చెప్పారని అడిగాను.

“ఎవరు చెప్తరు? గిన్నేండ్ల సంది నేనే మాట్లాడుతున్న. ఒక్కసారన్న అడ్డమొచ్చిండా?” అంది.