పద్నాలుగు మంది, పదకొండు సీట్లు

ఆ రోజుల్లో నాకు బ్యాటు ఎటు పట్టుకోవాలో తెలిసేది కాదు. అందుకే గల్ఫులో అల్ రాయ్ గ్యారేజీల్లో పనిచేసే మా కడప వాళ్ళ క్రికెట్ టీముకు నన్ను మేనేజర్ని చేసినారు. ఇరవై రెండేళ్ళ వాణ్ణి, పొగరుకేం తక్కువ లేదు. నా పనల్లా గురువారం సాయంత్రం పద్నాలుగు మందిలో పదకొండు పేర్లు చదివి, మిగిలిన ముగ్గురూ అలిగి అన్నం మానేయకుండా తలా ఒక జోకు పడేయడం. (శుక్రవారం ఓడిపోయినాక షెడ్డు షెడ్డంతా నా మీద పడేది. “ఏమప్పా మేనేజరూ, ముప్పైకే ఆలౌటా?” అంటే, “మీరు ఎండలో ఎక్కువసేపు నిలబడలేరనే గదన్నా!” అనేవాణ్ణి. నవ్వినాక కొట్టడానికి చెయ్యి రాదు గదా, అదే నా ధైర్యం.) జాబితాలో ఎక్కువసార్లు ఎగిరిపోయేది డక్కు మామ పేరే. కార్లకు రంగులేసే పెద్దాయన. ఎప్పుడు దిగినా సున్నాకే వచ్చేసేవాడు గనక ఆ పేరు.

ఆ ఆగస్టులో ఇరాకీ సైన్యం వచ్చి పడింది. మాకు వీసాలిచ్చిన యజమాని, కఫీల్, ఎటో పారిపోయినాడు, పని ఖలాస్, రొట్టెకు కూడా తెల్లారకముందే క్యూ. మూడు వారాలకు జోర్డానుకు పోయే బస్సొకటి దొరికింది. ఒకడు సెలవు మీద ఊళ్ళో ఉన్నాడు గనక నాతో కలిపి పద్నాలుగు మందిమి, మాకు మిగిలింది పదకొండు సీట్లే. మళ్ళీ బస్సు ఎప్పుడో, అసలుంటుందో లేదో ఎవరికీ తెలీదు. “జాబితా రాసే అలవాటు నీకే గదా, రాయప్పా” అన్నారందరూ. రాసినాను. మొట్టమొదటి పేరు నాదే! (నవ్వకండి, మీరైనా అదే రాసుంటారు.) డక్కు మామ పేరు లేదు. బిడ్డలు పెద్దోళ్ళయినారు, తట్టుకుంటాడులే అని నా లెక్క.

చదివినాను. మామ అలవాటుగా నా మొహంలోకి చూసి, “ఏం అల్లుడూ, నా జోకేదీ?” అన్నాడు. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆయనే నా భుజం తట్టి, “సరేలే, నేనే చెప్తా. నేను లేని మ్యాచులే గదరా మీరు గెలిచింది! ఇదీ గెలుస్తారు, పోండి” అన్నాడు. అందరూ పకపకా నవ్వినారు. నాకు ఒళ్ళు మండింది, నా మీదే. నా పేరు కొట్టేసి ఆయన పేరు రాసినాను. “ఒరే, వద్దురా!” అని అరుస్తున్నా వినకుండా బస్సులోకి తోసినాను.

త్యాగమూ లేదు, పాడూ లేదు, వట్టి సిగ్గు. బస్సు మలుపు తిరిగేలోగానే నా తెలివితక్కువకు నన్ను నేనే బండబూతులు తిట్టుకున్నాను. ఇంకో బస్సు దొరికేదాకా పంతొమ్మిది రోజులు పొద్దూ మాపూ మామనూ కలిపి తిట్టినాను. ఇప్పుడా పొగరుబోతును తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కుళ్ళూ పుడుతుంది. ఈ వయసులో అదే జాబితా చేతికిస్తే నా పేరు కొట్టేస్తానని ఒట్టేసి చెప్పలేను.