కూత విని తీసిన ఫోటో

మొన్న నాగర్‌కర్నూల్‌లో రాత్రిపూట జరిగిన కబడ్డీ పోటీలకు వెళ్లొచ్చిన మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి, తను తీసిన ఫోటోలను వేలితో ఒక్కొక్కటే జరుపుతూ పోతుంటే, నేను కళ్లజోడు సవరించుకుని నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. ఒక్క కూతకే నలభై ఫోటోలట, ప్రతిదాంట్లో ఆటగాడి మెడమీది చెమటచుక్కలు కూడా కనిపిస్తున్నాయి. సరిగ్గా ఎప్పుడు నొక్కాలో ఎలా తెలిసిందమ్మా అని అడిగితే, తెలిసేదేముంది తాతా, పట్టుకుని నిలబడితే అదే తీసుకుంటుంది అంది. ఇక ఆ పూటంతా నా మనసు వనపర్తిలో మా చిన్నమామ స్టూడియో వదిలి రాలేదు.

అది ఎనభైల నాటి మాట. మా అమ్మకు తమ్ముడైన చిన్నమామ, నాకు ఇరవై రెండేళ్లు నిండేనాటికి పెళ్లి ఫోటోలన్నీ నాకప్పగించి తను చీకటిగదిలో స్థిరపడ్డాడు. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, రీలుకు ముప్పయ్యారు బొమ్మలు, కడిగేదాకా ఏం పడిందో దేవుడికే ఎరుక. పెళ్లికూతురు ఆగమంటే ఆగేది కానీ కబడ్డీ ఆడేవాడు ఎందుకాగుతాడు? పైగా స్తంభాలకు కట్టిన ఆ నాలుగు లైట్లు కెమెరాకన్నా పురుగులకే ఎక్కువ పనికొచ్చేవి. నేను తీసిన ప్రతి ఆటలోనూ మనిషికి బదులు తెల్లటి పొగ పడేది.

ఆ పొగల్లో ఎక్కువ భాగం మా అన్నవే. పెదనాన్న కొడుకైన అన్న గద్వాలలో పగలంతా గుంటమగ్గంలో కాళ్లు దించి చీరలు నేసి, పోటీలున్న రోజు సాయంత్రం బస్సు పట్టుకుని వనపర్తి వచ్చేవాడు. అంతసేపు కదలకుండా కూర్చున్న మనిషి గీత దాటగానే ఎలా ఎగిరేవాడో, ఆ కాళ్లకు అంత సత్తువ ఎక్కడినుంచి వచ్చేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అతని కూత మైదానం చివర మిర్చి బండి దాకా వినిపించేది. ఆట అయ్యాక చెమట తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి "వచ్చిందారా తమ్మీ?" అని అడిగేవాడు, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి, ఏళ్ల తరబడి ఇదే తంతు.

ఒక వేసవిలో పెదనాన్నకు చూపు బాగా మందగించింది. అంచులో జరీపోగు కనిపించక చేయి ఆగిపోతుంటే ఇక మగ్గం, ఇల్లు అన్న మీదే పడ్డాయి. ఈ పోటీలే ఆఖరు, ఒక్కటైనా మొకం కనిపించేలా తీయమని అన్న అడిగాడు. నేను ఒళ్లు మరిచి, ఫైనలుకు ముందు ఆటలో, అవతలి జట్టు వెనక గీత దగ్గర కూర్చుని, అన్న కూతకొచ్చి చేయి చాచగానే ఎదురుగా ఫ్లాష్ కొట్టాను. కళ్లు బైర్లు కమ్మి అతను నిలబడిపోతే నలుగురు మీదపడి పట్టేశారు. ఒక్క పాయింటు తేడాతో అన్న జట్టు ఎలాగో గెలిచింది కాబట్టి బతికిపోయాను గానీ, పెద్దమనుషులు ఫైనల్లో ఫ్లాష్ వెలిగితే కెమెరా గుంజుకుంటామన్నారు. అన్న మాత్రం ఆ రోజు "వచ్చిందా" అని కూడా అడగలేదు. అది నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఫైనలుకు చిన్నమామ వస్తే బాగుండునని నా ఆశ. ఆయన వచ్చాడు కానీ కెమెరా ముట్టలేదు, చెడగొట్టినవాడివి నువ్వే బాగుచెయ్యి అన్నాడు. వెలుతురుండగానే అన్న మామూలుగా చేయి చాచే చోట ఒక మనిషిని నిలబెట్టి, నాచేత లెన్సును ఆ దూరానికి సరిచేయించి, అది తిరగకుండా దవాఖాన పట్టీ వేయించాడు. ఆట మొదలయ్యాక నా చెవి దగ్గర వంగి చెప్పిన మాట ఇప్పటికీ అలాగే ఉంది.

"ఉరికేటోని ఎంట వడకు అల్లుడా. మళ్లేటప్పుడు జర ఆగుతడు. అది కండ్లకు తెల్వదు, చెవులకు తెలుస్తది. కూత సన్నవడంగనే నొక్కు."

సగం ఆట దాకా నేను ఒక్కటీ తీయలేదు, తల వంచుకుని అన్న కూతే విన్నాను. నిజంగానే, ఊపిరి ఆఖరుకొచ్చి గొంతు సన్నగిల్లిన చోట, ఒక కాలు నేలకు తన్ని, చేయి చాచి, తిరగబోయే ముందు ఆ మహానుభావుడు కనురెప్పపాటు ఆగేవాడు. ఏళ్లుగా అతన్ని కళ్లార్పకుండా చూస్తున్నా ఆ సంగతి నాకు తెలియలేదు. తర్వాత సగంలో పదకొండుసార్లు నొక్కాను.

వెలుతురు చాలలేదని చిన్నమామ రీలును కడిగే మందులో ఎక్కువసేపు ఉంచాడు, ఎండకాలం కదా, మందు వేడెక్కకుండా సోడా షాపు నుంచి ఐసుగడ్డ తెచ్చి చుట్టూ పేర్చాడు. పది చెడిపోయాయి. పదకొండోదాంట్లో చుట్టూ ఉన్న ఏడుగురూ పొగే, మధ్యలో అన్న ఒక్కడు, తెరిచిన నోటితో సహా, చెక్కినట్టు స్పష్టంగా ఉన్నాడు. చిన్నమామ దాన్ని చాలాసేపు చూసి, నా భుజం తట్టి అన్నానికి వెళ్లాడు. ఆయన మెచ్చుకోవడం అంతే.

పోయిన ఆదివారం మనవరాలిని తీసుకుని గద్వాల వెళ్లాను. అన్న ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. ఫోనులో ఫోటోలన్నీ చూసి, మస్తుగొచ్చినయని మెచ్చుకుని, పిల్లలు కూత ఎట్ల పెడుతున్నరని అడిగాడు. మైకులో పాటల మోతకు ఏమీ వినిపించలేదు తాతా అంది మనవరాలు. నాకు దిగులేసింది. ఫోటోల్లో ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి, కాదనను, కానీ ఒక మనిషి ఊపిరి ఎక్కడిదాకా వస్తుందో తెలుసుకునేంతగా అతన్ని వినవలసిన పని ఎవరికీ లేకుండా పోయింది.

అప్పుడు అన్న, గోడకు వేలాడుతున్న ఆ పాత ఫోటో కింద మంచం మీద నిటారుగా కూర్చుని, కూత అంటే ఏమిటో పిల్లకు చూపిస్తానని గుండెల నిండా గాలి పీల్చుకుని మొదలుపెట్టాడు. కబడ్డీ అని నాలుగోసారి అనేసరికే గొంతు సన్నబడింది. అక్కడ, నేను అనుకోకుండానే, ఖాళీ చేతిలో నా చూపుడువేలు వంగింది. అన్న దాన్ని చూశాడు. ఊపిరి కూడదీసుకున్నాక నవ్వుతూ అడిగాడు.

"వచ్చిందారా తమ్మీ?"

వచ్చిందన్నాను.