ఎదురు ఫ్లెక్సీ

చిత్తూరు హైరోడ్డులో చిన్నబ్బ ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేసే భానుశ్రీకి, ఊళ్ళో ఎవరికి పెళ్ళి కుదిరిందో, ఎవరింట్లో పెద్దకర్మ జరగబోతోందో అందరికన్నా ముందు తెలుస్తుంది. తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ, అదే కంప్యూటరు. ముఖాలు తెల్లగా చేయడం, జుట్టు నల్లగా చేయడం, మీసం లేని నాయకుడికి మీసం తగిలించడం ఆమె చేతికి అలవాటైపోయింది. ముప్పై రెండేళ్ళ మనిషి. మాట తక్కువ. ఒకసారి మనసులో పెట్టుకుంటే మరిచిపోయే రకం కాదు.

ఆమె అన్న యోగానంద మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వేలూరులో చదువుకునేటప్పుడు హాస్టల్ టీవీలో చూసి స్పెయిన్ ఫుట్‌బాల్ పిచ్చి, అందులోనూ మాడ్రిడ్ జట్టు పిచ్చి అంటించుకున్నాడు. 2014లో, కట్టమంచిలోని తమ ఇంటి వరండాలోనే పదకొండు మందిని కూడేసి చిత్తూరు మాడ్రిడ్ అభిమానుల సంఘం పెట్టినాడు. వాళ్ళమ్మ దేవకమ్మ ఆ పదకొండు మందికీ బిర్యానీ వండి పెట్టింది. ఆ తర్వాత ఏ మ్యాచి అయినా ఆ ఇంట్లోనే. దేవకమ్మకు ఆటగాళ్ళ పేర్లు నోరు తిరిగేవి కావు గానీ, పొడుగోడు, గడ్డపోడు, ఎప్పుడూ కిందపడేవాడు అని గుర్తుపట్టేది. ముప్పై ఆరేళ్ళకే, 2022లో, యోగానంద గుండె ఆగి పోయినాడు. సంఘం అతని స్నేహితుడు జయచంద్ర చేతికి వచ్చింది.

జయచంద్రకు హైరోడ్డులోనే సెల్‌ఫోన్ల షాపు ఉంది. మాట తీపి. వార్డుకు కౌన్సిలర్ కావాలని కోరిక. దానికోసం అప్పటికే ఒకసారి పార్టీ మార్చినాడు. అప్పటికి సంఘంలో రెండు వందల మంది దాకా చేరినారు గనుక, ఆ రెండు వందల మందినీ తన మనుషులుగా నాయకులకు చూపించుకునేవాడు.

2024 ఆగస్టులో సంఘానికి పదేళ్ళు నిండినాయి. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్సీకి ఆర్డరు ఇచ్చేదానికి జయచంద్ర షాపుకు వచ్చినాడు. భానుశ్రీ అప్పటికే తన ఇష్టం కొద్దీ డిజైను చేసి పెట్టుకుంది. నడుమ యోగానంద, చుట్టూ మిగతా వాళ్ళు. జయచంద్ర స్క్రీను వైపు వంగి చూసినాడు.

"బాగుండాది పాపా. పైన మా లీడరన్న ఫోటో పెద్దదిగా రావాల. యోగిగాడి ఫోటో మాత్రం తీసేయ్."

భానుశ్రీ మౌస్ మీద చెయ్యి అలాగే పెట్టుకుని అతని వైపు చూసింది.

"శుభమా అని పండగ చేసుకుంటావుంటే పోయినోడి బొమ్మ యాల? చూసేవాళ్ళకు వర్ధంతి మాదిరి ఉంటాది," అన్నాడు జయచంద్ర.

అతని వెనక సంఘం వాళ్ళు ముగ్గురు నిలబడి ఉన్నారు. ముగ్గురూ ఆమె ఇంట్లో తిన్నవాళ్ళే. ఒకడు రోడ్డు వైపు తిరిగినాడు. ఒకడు ఫోను చూసుకుంటున్నాడు, ఒకడు ఫ్యాను రెక్కలు చూస్తున్నాడు. కౌంటరు దగ్గర చిన్నబ్బ వేరే ఆర్డరు తీసుకుంటున్నాడు. భానుశ్రీ అన్న బొమ్మ చుట్టూ గీత గీసి, ఒక్క నొక్కు నొక్కింది. అన్న నిలబడిన చోట స్టేడియం పచ్చగడ్డి అతికించింది. అతుకు ఎక్కడా తెలియలేదు. పనిమంతురాలు కదా.

"తీసేసినా జయన్నా," అంది. ఆ రోజు ఆమె నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే. తర్వాత నెలల తరబడి ఆమెను కాల్చింది కూడా ఆ మాటే.

మరుసటి రోజు సాయంత్రం దేవకమ్మ పక్కింటి ఆమెను వెంటబెట్టుకుని, కొడుకు బొమ్మ చూసేదానికి హైరోడ్డుకు నడుచుకుంటూ పోయింది. తిరిగొచ్చి చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, "స్థలం సాల్లేదేమోలే," అని వంటింట్లోకి పోయింది.

భానుశ్రీ సంఘం వదిలిపెట్టలేదు. వదిలితే రెండు రోజులు చెప్పుకుని మరిచిపోతారు. జయచంద్రను తిట్టనూ లేదు. తిట్లకు అతను నవ్వి తుడుచుకునే రకం. అతనికి దేనివల్ల నొప్పి పుడుతుందో ఆమెకు బాగా తెలుసు. నలుగురిలో నవ్వులపాలు కావడం అతను తట్టుకోలేడు. అది జరగాలి. ఒకసారి కాదు, సీజనంతా జరగాలి.

ఆ ఆదివారం గ్రీమ్స్‌పేటలో రాజారత్నం ఇంటికి పోయింది. ఆయన పాలిటెక్నిక్‌లో లెక్చరరు, మాడ్రిడ్‌కు ఎప్పటినుంచో ప్రత్యర్థి అయిన బార్సిలోనా జట్టుకు ఊళ్ళో ఉన్న అభిమానులకు పెద్ద.

"మాడ్రిడ్ మ్యాచి ఓడిపోయినప్పుడల్లా జయన్న షాపుకు ఎదురుగా ఒక ఫ్లెక్సీ కట్టండి సార్. రాసేదీ డిజైను చేసేదీ నేను. ప్రింటు వేరే షాపులో వేయించండి, పేరు మీది," అంది.

రాజారత్నం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు మాడ్రిడ్ మనిషివి కదమ్మా."

"మనిషినే సార్. కోపం టీము మీద కాదు."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. ఫ్లెక్సీలో బూతు ఉండకూడదు, అంతే అన్నాడు.

అక్టోబరు ఆఖర్లో మాడ్రిడ్ సొంత మైదానంలో బార్సిలోనా నాలుగు గోల్స్ కొట్టింది. మాడ్రిడ్ ఒక్కటీ కొట్టలేదు. భానుశ్రీ తెల్లవారి లేచి ఫోనులో చూసుకుంది. నాలుగు గోల్సూ వరసగా చూసి ఫోను బోర్లా పెట్టింది. అన్న ఉంటే ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు. అయినా తొమ్మిదికల్లా షాపులో కూర్చుని రాసింది. పదకొండుకల్లా జయచంద్ర షాపుకు ఎదురుగా, కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ నడుమ, ఫ్లెక్సీ లేచింది.

"ఇంటికొచ్చిన మమ్మల్ని ఉత్త చేతులతో పంపకుండా నాలుగు గోల్స్ ఇచ్చి సాగనంపిన మాడ్రిడ్ అన్నలకు వినమ్ర ధన్యవాదాలు." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. జయచంద్ర తన ఫ్లెక్సీలన్నిట్లో ఎలా చేతులు జోడిస్తాడో అచ్చం అలాగే, బొటనవేళ్ళు కొంచెం ఎడంగా.

రోడ్డున పోయేవాళ్ళు బండ్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు. ఫోను రిపేరుకు వచ్చినవాళ్ళు కూడా లోపలికి వచ్చి నవ్వు దాచుకున్నారు. మధ్యాహ్నం జయచంద్ర ముఖం గంటు పెట్టుకుని భానుశ్రీ దగ్గరకే వచ్చినాడు.

"ఎవుడు రాసినాడో గానీ నన్ను బాగా తెలిసినోడు పాపా. మన దాంట్లో ఎవుడో ఉండాడు."

"ఉంటారన్నా," అంది భానుశ్రీ.

చలికాలంలో బార్సిలోనా వరసగా తడబడి, చిన్న చిన్న జట్ల చేతిలో కూడా ఓడిపోయింది. మాడ్రిడ్ పైకి వచ్చింది. జయచంద్రకు ఊపిరొచ్చింది. వారానికొక ఫ్లెక్సీ వేయించినాడు, అన్నీ భానుశ్రీ చేతనే. ఆమె ఒక్కదాన్ని కూడా చెడగొట్టలేదు. అతని బొమ్మ ఇంకా పెద్దది చేసింది. "పుట్టినప్పటి నుంచి తెల్లచొక్కానే, చచ్చేదాకా తెల్లచొక్కానే" అని మాడ్రిడ్ ఆటగాళ్ళు తొడిగే చొక్కా గురించి అతను చెప్పిన మాటను బంగారు అక్షరాల్లో పెట్టింది. అతన్ని ఊరు ఎంత బాగా చూస్తే, ముందు ముందు నవ్వులపాలు చేసే పని అంత సులువు అవుతుందనుకుంది.

ఫిబ్రవరిలో మాడ్రిడ్ ఎస్పాన్యోల్ అనే చిన్న జట్టు చేతిలో ఒక్క గోలుతో ఓడింది. ఆ గోలు చూసినప్పుడు భానుశ్రీకి మొదట వచ్చింది దుఃఖం కాదు, సంతోషం. ఆ సంతోషం చూసుకుని ఆమెకు భయం వేసింది. అన్నతో కలిసి ఏళ్ళ తరబడి ప్రాణం పెట్టిన జట్టు. అది ఓడిపోవాలని తాను దేవుడికి మొక్కుకునే దాకా వచ్చింది. పక్కన దేవకమ్మ, "ఏమ్మే, నవ్వతాండావా ఏడస్తాండావా?" అని అడిగింది. భానుశ్రీ మొహం కడుక్కునేదానికి లేచింది. మర్నాడు ఫ్లెక్సీ మాత్రం లేచింది.

ఆ నెలలోనే అన్న పాత హార్డ్‌డిస్కు వెతుకుతుంటే ఒక ఫోటో దొరికింది. సంఘం పుట్టిన రోజు తీసింది. వరండాలో పదకొండు మంది. నడుమ యోగానంద, మెడలో గుడ్డ బ్యానరు. కుడిచేతి వైపు చివర జయచంద్ర. అతని ఒంటిమీద ఉన్నది తెల్లచొక్కా కాదు. ఎరుపు నీలం చారల బార్సిలోనా చొక్కా. భానుశ్రీకి గుర్తొచ్చింది. ఆ రోజు ఎవరో అభ్యంతరం చెబితే అన్న నవ్వి, "చొక్కాదేముందిలే, ఆకలితో వచ్చినాడు, తినిపోనీ," అన్నాడు. ఆమె ఆ ఫోటోను పెన్‌డ్రైవులో వేసుకుని, ఎవరికీ చూపించకుండా మూడు నెలలు దాచుకుంది.

మే పదకొండు, ఆదివారం. ఆ ఏటి స్పెయిన్ లీగు ఎవరిదో దాదాపు తేలిపోయే మాడ్రిడ్, బార్సిలోనా మ్యాచి. మనకు సాయంత్రం ఏడుముక్కాలుకు మొదలు. రెండు సంఘాలూ కలిసి చిన్న కల్యాణమండపం తీసుకుని పెద్ద తెర కట్టినారు. ఆ ఆలోచన రాజారత్నం చేత చెప్పించింది భానుశ్రీనే. తన బలం చూపించుకునే అవకాశం గనుక జయచంద్ర లీడరును కూడా పిలుచుకొచ్చి ముందు వరసలో సోఫాలో కూర్చోబెట్టినాడు.

పావుగంట లోపలే మాడ్రిడ్ రెండు గోల్స్ కొట్టింది. మొదటి గోలుకు భానుశ్రీ చేతులు వాటంతటవే పైకి లేచినాయి. వాటిని దించి ఒళ్ళో పెట్టుకుంది. జయచంద్ర తువ్వాలు గాల్లో తిప్పుతూ ఎగిరినాడు. లీడరు అతని వీపు తట్టినాడు.

తర్వాత బార్సిలోనా లేచింది. ఒకటి, రెండు, మూడు. విరామానికి ముందే నాలుగు. రెండో సగంలో మాడ్రిడ్ ఇంకొకటి కొట్టింది. ఆఖర్లో సమం చేసే అవకాశం ఒకటి వచ్చి చేజారింది. భానుశ్రీ కుర్చీ అంచుకు జరిగింది. బంతి లోపలికి పోవాలనుకుందో బయటికి పోవాలనుకుందో ఆమెకే తెలియదు. నాలుగు మూడుతో మ్యాచి ముగిసింది.

ఈల వినబడగానే మేడమీది రెయిలింగు నుంచి రాజారత్నం మనుషులు చుట్టిపెట్టిన ఫ్లెక్సీని కిందికి వదిలినారు. అందరూ తలలెత్తినారు. అందులో ఎగతాళి లేదు, చేతులు జోడించిన బొమ్మ లేదు. పాత ఫోటో ఒక్కటే, గోడంత పెద్దది. కింద మూడు వరసలు.

"చిత్తూరు మాడ్రిడ్ అభిమానుల సంఘం పుట్టిన రోజు, 2014. నడుమ నిలబడింది సంఘం పెట్టిన యోగానంద. కుడిచేతి వైపు చివర, ఎరుపు నీలం చొక్కాలో, జయచంద్ర."

మొదట నవ్వింది లీడరు.

"ఏంపా జయచంద్రా, ఈడ గూడా పార్టీ మార్చినావా?"

దాంతో మండపమంతా విరగబడి నవ్వింది. మాడ్రిడ్ వాళ్ళు ఓటమి మరిచి నవ్వినారు. వెనక వరసలో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్లు ఎత్తి వీడియో తీసినారు. జయచంద్ర ముఖం నల్లబడిపోయింది. జనంలో వెతికి భానుశ్రీ దగ్గరకు వచ్చినాడు.

"ఇది ఎడిటింగు కదా పాపా. నువ్వు డిజైనరువి, వీళ్ళకు చెప్పు."

భానుశ్రీ లేచి నిలబడింది. అందరికీ వినబడేటట్టే చెప్పింది.

"లేదు జయన్నా. ఇది ఉన్నది ఉన్నట్టే. ఎడిటింగు చేసింది పోయిన ఆగస్టులో."

అప్పుడు అతనికి అర్థమైంది. ఏడాది పొడుగునా ఎదురుగా లేచిన ఫ్లెక్సీలన్నీ ఎవరి చేతి నుంచి వచ్చినాయో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. తువ్వాలు భుజాన వేసుకుని, లీడరుకు కూడా చెప్పకుండా బయటికి నడిచినాడు.

మెట్ల దగ్గర రాజారత్నం, "కొంచెం ఎక్కువైందేమో అమ్మా," అన్నాడు.

"సరిపోలేదు సార్," అంది భానుశ్రీ.

ఆ ఫ్లెక్సీని మడిచి ఇంటికి తెచ్చి వరండాలో పరిచింది. దేవకమ్మ వంగి కొడుకు ముఖాన్ని చాలాసేపు చూసింది. లోపలికి పోయి కత్తెర తెచ్చి, కుడిచేతి వైపు చివర నుంచి కత్తిరించడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఆ రోజు అన్న బొమ్మ తీసింది నేనే," అంది భానుశ్రీ.

దేవకమ్మ కత్తెర ఆపలేదు. "తెలుసు. ఊర్లో ఇంత నున్నగా ఇంకెవురు తీస్తారు," అంది. జయచంద్ర ఉన్న ముక్కను వేరు చేసి, చుట్టి, పొయ్యి దగ్గర పెట్టింది.

నాలుగు రోజులకు బార్సిలోనా లీగు గెలిచింది. సంఘంలో అందరూ జయచంద్రను బార్సా జయన్న అని పిలవడం మొదలుపెట్టినారు. షాపుకు వచ్చేవాళ్ళ నోట కూడా అదే పేరు. జూన్‌లో అతను అధ్యక్ష పదవి వదిలేసినాడు. లీడరు కౌన్సిలర్ మాట ఎత్తడం మానేసినాడని ఊళ్ళో చెప్పుకున్నారు.

జూన్ ఆఖర్లో ఒక మధ్యాహ్నం అతను చిన్నబ్బ షాపుకు వచ్చి కౌంటరుకు అవతల నిలబడినాడు. మనిషి కొంచెం తగ్గినాడు.

"తప్పు చేసినా పాపా. ఈసారి ఆగస్టుకు యోగి ఫోటో పెద్దదిగా వేయిస్తా, నా పేరు మీద. ఇంతటితో విడిచిపెట్టు."

"వద్దు."

"ఇంకేం చేయమంటావు మరి?"

"ఏమీ చేయొద్దు. నీ పేరున్న ఫ్లెక్సీలో మా అన్న ఫోటో ఇంక యాడా ఉండకూడదు. అంతే."

"నీ చేత్తోనే కదా తీసింది," అన్నాడు జయచంద్ర, గొంతు తగ్గించి.

"అవును. దానికి ఏడాదంతా మా టీము ఓడిపోవాలని మొక్కుకున్నా. నా శిక్ష నేను పడినా జయన్నా. నీది నువ్వు పడు."

అతను వెళ్ళిపోయినాక ఆమె మళ్ళీ పనిలో పడింది. చెవులు కుట్టే ఫంక్షను ఫ్లెక్సీ, సాయంత్రానికి కావాలి.

ఆ అక్టోబరులో, దీపావళి అయిన వారానికి, మాడ్రిడ్ సొంత మైదానంలో బార్సిలోనాను రెండు ఒకటితో ఓడించింది. భానుశ్రీ, దేవకమ్మ ఇంట్లోనే కూర్చుని చూసినారు. రెండో గోలుకు దేవకమ్మ చప్పట్లు కొట్టింది. భానుశ్రీకి కూడా ఒళ్ళు పులకరించింది, అన్న ఉన్నప్పటి మాదిరిగా. మ్యాచి అయిపోగానే హైరోడ్డు వైపు నుంచి టపాకాయల చప్పుడు వినబడింది. పండగకు మిగిలినవి ఎవరో కాలుస్తున్నారు. జయచంద్ర షాపు కూడా అటువైపే.

అవి ఎవరు కాలుస్తున్నారో ఆమెకు తెలియదు. అయినా లేచి కిటికీ మూసింది. వచ్చేవారం మాడ్రిడ్ ఓడిపోతే బాగుండు అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం పోయేదాకా కిటికీ దగ్గరే నిలబడి, తర్వాత వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.